మీకు తెలుసా? పనిని తనకు తగ్గట్టు మలుచుకుంటే...

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో క్రెయిగీబర్న్ ఉంది. బడికెళ్లే పిల్లలున్న అక్కడి ఉద్యోగి, ఒకే సంస్థలో 12 నెలలు పనిచేశాక, పనివేళలు మార్చమనో ఇంటినుంచి చేస్తాననో రాసి అడగొచ్చు. ఆస్ట్రేలియా ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, కాదంటే కారణం చెప్పాలి. తగవు తేలకపోతే ఫెయిర్ వర్క్ కమిషన్ తీర్పు చెప్పే వీలు 2023 జూన్ 6న వచ్చింది.

వేళలతోనే ఆగకుండా, ఉద్యోగి తన పనినే తనకు తగ్గట్టు మలుచుకునే మార్పు కూడా ఉంది. దానికి 2001లో అమెరికా పరిశోధకులు ఎమీ రెజ్నెస్కీ, జేన్ డట్టన్ ‘జాబ్ క్రాఫ్టింగ్’ అని పేరుపెట్టారు. రెజ్నెస్కీ బృందం ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడింది. స్పృహలేని రోగుల గదులు తుడిచే ఒకామె గోడల మీది బొమ్మలను అప్పుడప్పుడూ గదులు మార్చి తగిలించేది. పరిసరాలు మారితే రోగిలో కాస్త కదలిక వస్తుందేమోనని ఆమె ఆశ. ఆ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు!

మరి ఇలాంటివాళ్లు ఉద్యోగం మానేస్తారా?

2017లో పరిశోధకుడు కార్ట్ రుడాల్ఫ్ బృందం జాబ్ క్రాఫ్టింగ్‌పై 122 నమూనాల ఫలితాలను కలిపి చూసింది. కొత్త నైపుణ్యాలను, తోటివారి సాయాన్ని, సవాళ్లను వెతుక్కునేవారిలో పనిమీద ఉత్సాహం, తృప్తి ఎక్కువ. చిక్కు పనులను తగ్గించుకునే తీరు మాత్రం మానేయాలన్న ఆలోచనతో ముడిపడి కనిపించింది. దాన్ని సోమరితనం అనుకోవడం అన్యాయం. ఆ మనిషి మీద భారం ఎక్కువైందేమో మేనేజరు ముందు కనుక్కోవాలి. అయితే ఆ బృందం చూసినవి మానేయాలన్న ఆలోచనను కొలిచిన లెక్కలు, అందిన రాజీనామాల లెక్క కాదు.