హుస్సేనీ ఆలం నుంచి కుంటాల దాకా

హుస్సేనీ ఆలంలో పాత ఇంటి గడప ముందు పరిచిన బండనో, వంటింటి మూలనున్న రోలునో ఒకసారి నీళ్ళు చల్లి దగ్గరగా చూడండి. తెల్లని, గులాబి రంగు పలుకులు, వాటి మధ్య నల్లని మచ్చలు కనిపిస్తాయి. అది గ్రానైటు. హైదరాబాదు నగరమంతా ఈ రాతి మీదనే నిలిచి ఉంది. గోలకొండ గుట్ట కూడా ఇదే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఇక్కడి నుంచి ఉత్తరంగా బయలుదేరి ఆదిలాబాదు అడవుల దాకా వెళదాం రండి. అక్కడ జలపాతాలున్నాయి, టేకు అడవులున్నాయి, మెట్లు మెట్లుగా నిలిచిన నల్లని కొండలున్నాయి. వీటిని కాలినడకన చూడాలని చాలామందికి ఆశ. కానీ కుంటాల జలపాతం దగ్గర దాదాపు మీ వయస్సు పిల్లలే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందువల్ల అక్కడి అందం గురించి చెప్పేటప్పుడు నీటి స్వభావం గురించి కూడా చెప్పక తప్పదు.

పురానా పూల్ దగ్గర మూసీని దాటామనుకోండి. మూసీ నీరు తూర్పుగా పోయి కృష్ణలో కలుస్తుంది. మేడ్చల్ దాటి కొంతదూరం పోయాక, తూప్రాన్ ప్రాంతంలోని హల్దీ వాగు నీరు మాత్రం మంజీరలోకి, మంజీర నుంచి గోదావరిలోకి పోతుంది. అంటే దారిలో ఎక్కడో మనం ఒక గట్టు దాటామన్నమాట! అది గోడలాగా కనిపించదు. బస్సులో కూర్చున్నవాళ్ళకు తెలియనే తెలియదు. అయినా ఆ గట్టుకు ఇవతల పడిన వాన చినుకు కృష్ణ పాలు, అవతల పడినది గోదావరి పాలు. ఇటువంటి గట్టును జలవిభాజకం అంటారు.

ఇప్పుడొక ప్రశ్న. హైదరాబాదు నుంచి ఆదిలాబాదుకు పోతే మనం పైకి ఎక్కుతామా, కిందికి దిగుతామా? కొండల సీమ కదా, ఎక్కుతాం అనే చాలామంది చెబుతారు. కాని సముద్రమట్టం నుంచి హైదరాబాదు సగటు ఎత్తు సుమారు 540 మీటర్లు. ఆదిలాబాదు పట్టణం ఎత్తు దాదాపు 264 మీటర్లే! మనం కొండలకు పోతూ దిగుతున్నాం. సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి నిర్మల్ చేరేసరికి చాలా దిగిపోయి ఉంటాం. అక్కడి నుంచి మళ్ళీ ఎక్కుడు మొదలవుతుంది. మహబూబ్ ఘాట్ అనే పాత ఘాటు దారిలో బండ్లు మెలికలు తిరుగుతూ ఎక్కేది ఈ గుట్టలనే. ఇవి సహ్యాద్రి కొండల తూర్పు కొసలు.

ఈ గుట్టలను కొంచెం దూరం నుంచి చూడండి. హైదరాబాదు గుట్టల్లాగా గుండ్రని బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండవు. పైభాగం బల్లలాగా చదునుగా ఉంటుంది. పక్కలు మెట్లలాగా దిగుతాయి. దీనికి కారణం 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి సంగతి. ఆ కాలంలో దక్కను పీఠభూమి పడమటి భాగంలో భూమి బీటలు వారి, కరిగిన రాయి, అంటే లావా, పొంగి పారింది. అగ్నిపర్వతం శిఖరం నుంచి చిమ్మినట్లు కాదు. చెరువు అలుగు పారినట్లు నేలమీద పరచుకుంది. అది చల్లారి గడ్డకట్టాక దాని మీద మరొకటి పారింది. ఇలా ఎన్నో పొరలు. ఈ నల్లని రాయినే బసాల్టు అంటారు. ఒక్కొక్క పొర అడుగుభాగం గట్టిగా ఉంటుంది. పైభాగంలో ఆవిరి బుడగలు చిక్కుకొని తేనెపట్టులాగా రంధ్రాలు ఏర్పడతాయి. వాన, ఎండ ఆ గుల్ల భాగాన్ని త్వరగా తినేస్తాయి. గట్టి భాగం నిలిచిపోతుంది. అందుకే మెట్లు! ఈ రాళ్ళను భూగర్భశాస్త్రజ్ఞులు దక్కను ట్రాప్స్ అంటారు. స్వీడిష్ భాషలో 'ట్రాప్పా' అంటే మెట్టు. ఆదిలాబాదు పత్తి చేల నల్లరేగడి మన్ను కూడా బసాల్టు అరిగి ఏర్పడినదే.

బజారుహత్నూర్ వైపు పుట్టిన కడెం అనే చిన్న నది ఈ ఎత్తు నేల మీద నుంచి గోదావరి లోయలోకి దిగాలి. నిదానంగా దిగడానికి దానికి వాలు లేదు. కనుక దూకుతూ దిగుతుంది. బోథ్ దగ్గర పొచ్చెర, నేరడిగొండ దగ్గర కుంటాల, తర్ణం గ్రామం దగ్గర గాయత్రి, ఈ మూడు జలపాతాలూ ఒక్క కడెం నదివే. పొచ్చెర వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. కుంటాల ఎత్తు సుమారు 45 మీటర్లు, అంటే పదిహేను అంతస్తుల మేడంత. శకుంతల పేరు మీదుగా కుంటాల అయిందని ఒక కథ. శివరాత్రికి చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు ఇక్కడి సోమేశ్వరుణ్ణి కొలవడానికి వస్తారు. పైనుంచి నీటి దగ్గరకు దిగడానికి నాలుగు వందలకు పైగా మెట్లు కట్టారు. దిగేటప్పుడు లెక్కపెట్టడం సులువే, ఎక్కేటప్పుడు లెక్క తప్పుతుంది!

కాగితం, పెన్సిలు తీయండి. 45 మీటర్ల ఎత్తు నుంచి ఏ అడ్డూ లేకుండా పడిన నీటిచుక్క కింద చేరడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, అప్పటికి దాని వేగం గంటకు సుమారు 107 కిలోమీటర్లు. కుంటాలలో నీరు మెట్లు మెట్లుగా పడుతుంది గనుక అంత వేగం రాదు. మిగతా శక్తి ఏమైంది? చప్పుడుగా, తుంపరగా, చివరకు వేడిగా మారింది. ఆ లెక్కన కిందికి చేరిన నీరు పైనున్న నీటికంటే సెంటీగ్రేడులో సుమారు పదో వంతు డిగ్రీ వేడెక్కాలి. ఈ తేడాను కొలవాలని జేమ్స్ జౌల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1847లో పెళ్ళయిన కొత్తలోనే ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక జలపాతం దగ్గర ప్రయత్నించాడు. కాని నీరు తుంపరగా చెదిరిపోతుంటే ధర్మామీటరు ఎక్కడ పెట్టాలి? ప్రయత్నం ఫలించలేదు. ఆ కొత్త పెళ్ళికూతురు ఏమనుకున్నదో ఎవరూ రాసిపెట్టలేదు!

ఇక ప్రమాదం సంగతి. నీరు మోకాళ్ళలోతే ఉంది, దాటేద్దాం అనుకుంటారు. సెకనుకు 2 మీటర్ల వేగంతో పారే నీరు మీ రెండు కాళ్ళ మీద సుమారు 20 కిలోల బరువుతో నెట్టినంత బలం చూపిస్తుంది. వేగం రెట్టింపయితే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అప్పుడు 80 కిలోలు! కాలికింద రాతి మీద పాచి ఉంటే చెప్పేదేముంది.

జలపాతం కింద మడుగు అంతకంటె మోసకారి. సుడిలో చిక్కిన గులకరాళ్ళు వేల ఏళ్ళుగా గుండ్రంగా తిరిగి బండలో బావుల్లాంటి గుంటలు తొలుస్తాయి. పక్కనే నడుములోతు, ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. పైగా నురగ నీటిలో సగం గాలే. ఆర్కిమెడీస్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. మనం తొలగించిన నీటి బరువెంతో మనల్ని పైకి లేపే బలం అంత. గాలి కలిసిన నీటికి బరువు తక్కువ, కనుక అది మనల్ని తేల్చలేదు. బావిలో బాగా ఈదేవాడు కూడా ఇక్కడ మునిగిపోవడానికి ఇది ఒక కారణం.

మూడో ప్రమాదం కంటికి కనిపించదు. మీరు నిలబడినచోట ఎండ కాస్తూనే ఉంటుంది. 10 కిలోమీటర్ల ఎగువన కుండపోతగా కురుస్తుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో ఆ నీరు మీ దగ్గరకు రావడానికి గంటన్నర కూడా పట్టదు. నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా, హోరు పెరిగినా, చెప్పులు వెతుక్కోకుండా గట్టెక్కండి. పాతబస్తీ పిల్లలకు ఇది కొత్త పాఠం కాకూడదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడినప్పుడు ఆ నీటిలో చాలా భాగం పడమటి ఎగువ ప్రాంతాల నుంచి వచ్చినదే. ఆనాడు ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది.

జలపాతం చాలు, అడవిలోకి నడుద్దాం. ఇక్కడ ప్రధానమైన చెట్టు టేకు. లేత టేకు ఆకును అరచేతిలో నలిపి చూడండి, చేయి గోరింట పెట్టినట్లు ఎర్రబడుతుంది. వానాకాలంలో చేటలంత ఆకులతో నిండిన ఈ అడవి వేసవికి మోడుగా నిలుస్తుంది. చెట్లు చచ్చిపోలేదు. ఆకుల నుంచి నీరు ఆవిరై పోకుండా ఆకులనే వదిలించుకున్నాయి. ఆ బోసి కొమ్మల మధ్య మోదుగ ఎర్రగా పూస్తుంది. ఇప్పపూలు రాత్రి రాలితే తెల్లవారుజామున గోండు ఆడవాళ్ళు, పిల్లలు ఏరుకుంటారు. నిర్మల్ బొమ్మలు చేసే తేలికైన పొణికి కర్ర కూడా ఇటువంటి అడవులదే. అది ఇప్పుడు సులభంగా దొరకడం లేదు.

ఈ అడవిలో కాలిబాటలు వేసింది పర్యాటకులు కాదు. గోండులు, కొలాములు, వారి పశువులు తరతరాలుగా నడిచి వేసిన బాటలివి. వాటిలో ఒకటి ప్రతి సంవత్సరం పుష్య మాసంలో కొత్తగా ప్రాణం పోసుకుంటుంది. ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవాళ్ళు చెప్పులు లేకుండా అడవులూ గుట్టలూ దాటి జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర గోదావరి దాకా నడుస్తారు. హస్తినమడుగులో నీరు ముంచుకొని, ఆ కలశంతో మళ్ళీ కాలినడకనే తిరిగి వస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితోనే పూజ. మన రాష్ట్రంలో కొండబాట నడక అంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ముందు వీరిని అడగాలని నా అభిప్రాయం. దారిలో ఎక్కడ ఊట ఉందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో వారికి తెలిసినంతగా పటాలకు తెలియదు.

ఇంకొకరి బాట కూడా ఉంది. కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు కొత్త తావు వెతుక్కుంటూ ఇటు నడిచి వస్తాయి. పెద్దవైన పులిపిల్లలు తల్లి తావు వదిలి పోవాలి, లేకపోతే పోట్లాటే. మధ్యలో అడవి తెగిపోతే వాటికి దారి లేదు. అందుకే అటవీశాఖ అనుమతి లేకుండా, వారు చూపిన బాట వదిలి, అక్కడ నడవకూడదు. వేసవిలో అక్కడ అగ్గిపుల్ల గీయడం కూడా నేరమే. ఎండుటేకు ఆకు ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పనక్కరలేదు.

పోవాలంటే వానలు తగ్గి, నీరు తేరుకున్నాక పోవడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జలపాతంలో నీరుంటుంది, బండలు కొంత ఆరి ఉంటాయి. వేసవిలో కుంటాల సన్నని దారమైపోతుంది. పెద్దవాళ్ళను తోడు తీసుకోండి. అడవిలో నుంచి మాత్రం ఏమీ తేవద్దు. తిరిగివచ్చేటప్పుడు దారి పక్క దుకాణం దగ్గరనో, చేని గట్టునో గుప్పెడు నల్లరేగడి మన్ను అడిగి కాగితంలో పొట్లం కట్టుకోండి. ఇంటికి వచ్చాక దాన్ని బాగా ఆరబెట్టి, మెత్తగా పొడిచేసి, మరో కాగితం మీద పరచి, అయస్కాంతాన్ని ఆడించండి. సన్నని నల్లని రేణువులు లేచి అతుక్కుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. ఆ లావాలో పుట్టినదే. తరువాత మీ గడప ముందు గ్రానైటు దుమ్ముతో కూడా ఇలాగే చేసి, ఏ కాగితం మీద నల్లని రేణువులు ఎక్కువ లేచాయో రాసిపెట్టుకోండి.