అమరభూమికి ప్రయాణం

వీరగాథలు సాధారణంగా విజయంతో ముగుస్తాయి. శత్రువు నశిస్తాడు, రాజ్యం నిలుస్తుంది, పట్టాభిషేకంతోనో కల్యాణంతోనో కథ మంగళాంతమవుతుంది. అయితే కొన్ని మహాకథలు అక్కడితో ఆగవు. ఎవరి శ్రమవల్ల ఆ శుభం సమకూరిందో ఆ వీరుడే చివరకు తనవారిని విడిచి వెళ్ళిపోతాడు. ఇరవయ్యవ శతాబ్దపు ఆంగ్ల సాహిత్యంలో సుప్రసిద్ధమైన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అనే అద్భుత గాథ ఈ విధంగానే ముగుస్తుంది. గెలిచినవాడు ఎందుకు వెళ్ళిపోవాలి? అమరభూమికి వెళ్ళడమంటే అమరుడు కావడమేనా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే ఆ గాథలోని ఆంతర్యం బోధపడుతుంది.

ఈ గ్రంథకర్త జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973). ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1925 నుండి 1959 వరకు ఆచార్యపదవిలో ఉండి ప్రాచీన ఆంగ్ల భాషాసాహిత్యాలను బోధించారు. 1937లో ‘ద హాబిట్’ అనే బాలల కథను ప్రచురించారు. దానికి కొనసాగింపుగా మొదలైన రచన పెరిగి పెద్దదై, 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. 2001 నుండి 2003 వరకు వచ్చిన మూడు చలనచిత్రాలవల్ల ఈ కథ ప్రపంచమంతటా మరింత వ్యాపించింది.

కథాసారాన్ని ముందుగా తెలుసుకుందాం. సౌరాన్ అనే దుష్టశక్తి లోకాలను వశపరచుకోవడానికి ఒక ఉంగరాన్ని చేయించుకోక, తానే స్వయంగా పోతపోసి తన శక్తిలో అధికభాగాన్ని అందులో నిక్షేపించాడు. దానిని ధరించినవారి మనస్సు క్రమంగా దానికి దాస్యం చేస్తుంది. అది పుట్టిన అగ్నిపర్వతంలోనే దానిని పడవేస్తే తప్ప నశించదు. ఆ కార్యభారం ఫ్రోడోపై పడుతుంది. అతడు రాజు కాడు, యోధుడు కాడు. మనుషులలో సగం ఎత్తు మాత్రమే ఉండే హాబిట్ల జాతికి చెందినవాడు. షైర్ అనే పల్లెసీమలో ప్రశాంతంగా జీవించేవాడు. అతని తోటమాలి సామ్ చివరివరకు వెంట నడిచాడు. ఎన్నో కష్టాలకు ఓర్చి అగ్నిగుండం అంచుకు చేరిన క్షణంలో ఫ్రోడో ఆ ఉంగరాన్ని వదలలేకపోయాడు. అది తనదేనని ప్రకటించి వేలికి తొడిగాడు. అంతకుముందు అతని దయవల్ల ప్రాణాలతో మిగిలిన గొల్లుమ్ అనే దీనప్రాణి ఆ వేలిని కొరికి, ఉంగరంతోపాటు అగ్నిలో పడిపోయాడు. లోకం రక్షింపబడింది.

ఇక్కడి నుండే మన ప్రశ్న మొదలవుతుంది. ఫ్రోడో ఇంటికి తిరిగివచ్చాడు. షైర్ మళ్ళీ పచ్చబడింది. సామ్‌కు వివాహమైంది, బిడ్డ పుట్టింది. ఫ్రోడో మాత్రం కోలుకోలేదు. యాత్రారంభంలో అక్టోబరు 6న శత్రువు కత్తి అతని భుజంలో దిగింది. యాత్ర చివర మార్చి 13న మహాకాయమైన సాలెపురుగు అతనిని విషంతో కాటువేసింది. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఏటా ఆ రోజులు రాగానే అతడు వ్యాధిగ్రస్తుడయ్యేవాడు. ఆ బాధను సామ్‌కు తెలియకుండా దాచేవాడు. స్వస్థలంలో అతనికి లభించిన గౌరవం కూడా అంతంతమాత్రమే. చివరి క్షణంలో తాను ఓడిపోయానన్న భావం, నశించిన ఉంగరంపై ఇంకా మిగిలిన మమకారం అతని మనస్సును వేధించాయి. షైర్‌ను తాను కాపాడగలిగినా అది తన అనుభవానికి మాత్రం దక్కలేదని అతడు గ్రహించాడు. ఉంగరం నశించిన రెండున్నరేళ్ళకు గ్రే హావెన్స్ అనే రేవులో ఓడ ఎక్కి పడమటి సముద్రం దాటి వెళ్ళిపోయాడు.

చాలామంది పాఠకులు దీనిని వీరునికి లభించిన స్వర్గప్రాప్తిగా భావిస్తారు. రచయిత అభిప్రాయం వేరు. 1963లో ఒక పాఠకురాలి ప్రశ్నలకు సమాధానంగా రాసిన లేఖలో టోల్కీన్ దీనిని వివరించారు. మరణించేలోగా, సాధ్యమైతే, అతని గాయాలు మానాలనే ఉద్దేశంతోనే ఆ ప్రయాణానికి అనుమతి లభించిందని ఆయన భావం. అక్కడ కూడా ఫ్రోడో మర్త్యుడే. కొంతకాలం ప్రశాంతంగా గడిపి, తన అల్పత్వాన్నీ గొప్పతనాన్నీ సమదృష్టితో తెలుసుకొని, తరువాత అతడు కన్నుమూయవలసినవాడే.

అమరులు నివసించడంవల్లనే ఆ నేలకు అమరభూమి అనే పేరు వచ్చింది. ఆ నేలకు మరణాన్ని తొలగించే శక్తి లేదు. ఈ సత్యాన్ని గ్రహించని నూమెనోర్ ద్వీపరాజు అమరత్వాన్ని బలాత్కారంగా సాధించాలని మహానౌకాదళంతో ఆ తీరంపైకి దండెత్తాడు. ఫలితంగా అతని ద్వీపమే సముద్రగర్భంలో కలిసిపోయింది. రచయిత మరణానంతరం 1977లో ప్రచురితమైన ‘ద సిల్మరిలియన్’లో ఈ వృత్తాంతం ఉన్నది. ఆశించి ఆక్రమించబోయిన రాజుకు అందని తీరం, ఏమీ ఆశించని ఫ్రోడోకు లభించింది. ఈ వైరుధ్యం గమనింపదగినది.

ఆ ఓడలో ఫ్రోడోతోపాటు మరికొందరు ఉన్నారు. ఒక్కొక్కరి కారణం ఒక్కొక్కటి. గాలాడ్రియెల్, ఎల్‌రాండ్ అమరులైన ఎల్ఫు జాతివారు. వ్యాధివల్లగాని వార్ధక్యంవల్లగాని వారికి మరణం లేదు. కాని కాలం గడిచేకొద్దీ తాము ప్రేమించినవన్నీ నశించడం చూడవలసిరావడమే వారి దుఃఖం. ఆ క్షయాన్ని ఆపుతూ వచ్చిన వారి ఉంగరాలు సౌరాన్ ఉంగరంతోపాటే శక్తిని కోల్పోయాయి. గాండాల్ఫ్ ఆ తీరం నుండి దూతగా వచ్చినవాడు. పని పూర్తికాగానే తిరిగి వెళ్ళాడు. వృద్ధుడైన బిల్బో కూడా ఒకప్పుడు ఉంగరభారాన్ని మోసినవాడే. 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో టోల్కీన్ ఒక చమత్కారమైన మాట అన్నారు. మానవుల కథలలో మృత్యువును తప్పించుకోవాలనే కోరిక ఉన్నట్లే, ఎల్ఫుల కథలలో అమరత్వాన్ని తప్పించుకోవాలనే కోరిక నిండి ఉంటుందని దాని సారాంశం. ఎల్‌రాండ్ కుమార్తె ఆర్వెన్ ఇందుకు నిదర్శనం. ఆమె మర్త్యుడైన అరగోర్న్‌ను వరించి తన అమరత్వాన్ని వదులుకొన్నది. ఓడలో తనకు దక్కవలసిన స్థానాన్ని ఫ్రోడోకు ఇచ్చింది.

ఈ ముగింపు చదివినప్పుడు మనకు మహాభారతంలోని మహాప్రస్థానం స్ఫురించడం సహజం. శ్రీకృష్ణ నిర్యాణానంతరం పాండవులు పరీక్షిత్తుకు రాజ్యాన్ని అప్పగించి బయలుదేరుతారు. కార్యం ముగిసిన తరువాత తరువాతి తరానికి చోటు విడవడం రెండు కథలలోనూ సమానమే. అయితే పాండవుల మార్గం వారి ధర్మాన్ని పరీక్షించే మార్గం. ఫ్రోడో మార్గం గాయపడినవానికి చికిత్స కోసం తెరిచిన మార్గం. ఈ విషయంలో అతడు బ్రిటన్ పురాణవీరుడు ఆర్థర్‌కు సన్నిహితుడు. ఆర్థర్‌ను కూడా గాయాలు మానడానికే అవలాన్ ద్వీపానికి తీసుకొనిపోయారని ఐతిహ్యం.

టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో పనిచేశారు. 1918 నాటికి తన సన్నిహిత మిత్రులలో ఒక్కరు తప్ప అందరూ మరణించారని ఆయన స్వయంగా రాశారు. తన గాథను ఏదో ఒక యుద్ధానికి ప్రతీకగా చదవడం ఆయనకు ఇష్టం లేదు. అయినా యుద్ధం ముగిసినంత మాత్రాన యోధుని గాయం మానదని అనుభవపూర్వకంగా ఎరిగిన తరం ఆయనది. పూలదండలు, జయజయధ్వానాలు తీర్చలేని ఋణం ఒకటి ఉంటుంది. మనం అనుభవించే ప్రశాంతతను సంపాదించిపెట్టినవారు దానిని అనుభవించలేకపోవచ్చు. వారి మౌనాన్ని అహంకారమని, వారి ఏకాంతాన్ని విముఖతయని భ్రమపడరాదు.

ఓడ కనుమరుగైన తరువాత గాథ సామ్‌తో ముగుస్తుంది. అతడు పొద్దువాలే వేళ ఇల్లు చేరుతాడు. లోపల దీపం వెలుగుతున్నది, భోజనం సిద్ధంగా ఉన్నది, భార్య బిడ్డను అతని ఒడిలో ఉంచుతుంది. ఫ్రోడో వదులుకొన్నది ఈ ఇంటినే. అతడు వదులుకోవడంవల్లనే అది సామ్‌కు మిగిలింది.