దానంతటఁ బూచు గంజాయి

ఇటీవల 'ఆటోఫ్లవరింగ్' అను గంజాయి విత్తుల పేరు వినవచ్చుచున్నది. పెరటి తొట్టిలో పది వారములకే పంట యని అమ్మువారు చెప్పెదరు. సభ్యులు నిజ మెఱుఁగుటకై దీనిని వివరించుచున్నాము.

సామాన్యమగు గంజాయి మొక్క, మన పాత జొన్న రకములవలెనే, రాత్రులు దీర్ఘములగువఱకుఁ బూయదు. రష్యా దేశమున వేసవి స్వల్పము. అచ్చటి బీళ్లలో మొలచు పొట్టి రకము పగటి నిడివితోఁ బనిలేక, మొలచిన మూఁడు నాలుగు వారములకే పూఁతకు వచ్చును. 1924లో యానిషెవ్‌స్కీ యను వృక్షశాస్త్రజ్ఞుఁడు దీనికి 'రుడెరాలిస్' అని పేరిడెను. ఆ గుణమునే సంకరముచేఁ గ్రొత్త విత్తులలోనికిఁ దెచ్చిరి.

మొక్క యే రకమైనను చట్టమున కొక్కటే. 1985 నాఁటి మాదకద్రవ్యముల చట్టము అనుమతి లేని గంజాయి సేద్యమును నిషేధించినది. తొట్టి యనియుఁ బొలమనియు భేదము లేదు. పదేండ్లవఱకుఁ గఠిన కారాగారము, లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. తన భూమిలోఁ బరులు వేసిరని తెలిసియు అధికారులకుఁ జెప్పని భూస్వామియు శిక్షార్హుఁడే.

కావున కౌలుకిచ్చిన పొలమును, అందలి అంతరపంటను స్వయముగఁ జూచుకొనుఁడు. ఊరు పేరు లేని విత్తు కొనకుఁడు. సందేహము గలిగినచో సంఘ కార్యాలయమున విచారింపుఁడు.