తునికాకు సేకరణ వేళ బస్తర్‌లో పిడుగులు ఎందుకు ఎక్కువ?

దేశంలో ప్రకృతి శక్తుల కారణంగా సంభవించే మరణాలలో పెద్ద వాటా పిడుగులదే. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక ప్రకారం 2022లో ఇటువంటి ఘటనలలో 8,060 మంది మరణించగా, వారిలో 2,887 మంది పిడుగుపాటుకు బలయ్యారు. ఛత్తీస్‌గఢ్ సహా మధ్య, తూర్పు రాష్ట్రాలలో ఈ ముప్పు అధికం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను ఆనుకొని ఉన్న బస్తర్ అటవీ ప్రాంతంలో ఉరుములు ముదిరే కాలమూ, ఆదివాసీలకు అడవి నుంచి ఆదాయం వచ్చే కాలమూ ఒకటే కావడం ప్రమాదాన్ని పెంచుతోంది.

పిడుగు ఎలా పుడుతుంది?

మార్చి నుంచి జూన్ వరకు ఎండకు నేల బాగా వేడెక్కుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి ఆ వేడికి పైకి లేస్తుంది. వాయవ్యం నుంచి వీచే పొడిగాలి దానితో కలిసినప్పుడు వాతావరణం మరింత అస్థిరమవుతుంది. బస్తర్ పీఠభూమిలోని కొండలు గాలిని ఇంకా పైకి నెడతాయి. ఫలితంగా మధ్యాహ్నం దాటేసరికి పది కిలోమీటర్లకు పైగా ఎత్తున క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. వాటిలో మంచు పలుకులు, మెత్తని వడగళ్లు ఒకదానినొకటి ఢీకొని విద్యుదావేశం పోగవుతుంది. సాధారణంగా మేఘం పైభాగంలో ధనావేశం, దిగువన రుణావేశం చేరతాయి. ఈ ఆవేశం నేలకు ప్రవహించడమే పిడుగు. అది సాగే మార్గంలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించడంతో ఉరుము వినిపిస్తుంది.

ఆరుబయట తప్పని పని

మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు, ఆ తరువాత కొద్ది వారాలు తునికాకు సేకరిస్తారు. ఉదయం కోసిన ఆకును కట్టలు కట్టి, మధ్యాహ్నం తరువాత కల్లానికి చేర్చి ఆరబెడతారు. సరిగ్గా అప్పుడే మేఘాలు కమ్ముకుంటాయి. 50 ఆకుల కట్టలు వెయ్యి కలిపితే ఒక ప్రామాణిక బస్తా. దాని సేకరణ ధరను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. ఒక పూట పని మానితే ఆ మేరకు ఆదాయం పోతుంది. తొలకరితో మొదలయ్యే పొలం పనులలోనూ ఇదే ముప్పు ఉంటుంది.

జాగ్రత్తలు

మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. వెంటనే పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు బయటకు రాకూడదు. చెట్టు కింద నిలబడడం అత్యంత ప్రమాదకరం. చెట్టుపై పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకగలదు, నేల గుండానూ ప్రవహించగలదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగులపై హెచ్చరిస్తుంది. ఫోన్ సిగ్నల్ అందని పల్లెలకు మాత్రం దండోరా, కల్లం వద్ద నోటిమాట వంటివే దిక్కు.

పిడుగుపాటుకు గురైనవారిని పేడలో పాతిపెట్టే అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల నేటికీ ఉంది. దీనివల్ల విలువైన సమయం వృథా అవుతుంది. బాధితుల శరీరంలో విద్యుత్తు మిగిలి ఉండదు కనుక నిర్భయంగా తాకవచ్చు. గుండె, శ్వాస ఆగితే తక్షణం సీపీఆర్ చేస్తూ ఆసుపత్రికి తరలించాలి. సకాలంలో సాయం అందితే బతికే అవకాశం పెరుగుతుంది.