మబ్బు లేవకముందే హేమకుండ్

బద్రీనాథ్ వెళ్లే మన యాత్రికుల బస్సులు గోవింద్‌ఘాట్‌లో ఆగేది తక్కువ. జోషీమఠ్ దాటి ఇరవై కిలోమీటర్లు వచ్చేశాం, ఇంకో పాతిక వెళ్తే నారాయణుడి సన్నిధి. గుడి తలుపులు ఎప్పుడు మూస్తారోనన్న ఆరాటంలో ఉన్నవాళ్లు, కుడిచేతి వైపు కిందుగా అలకనందలోకి దూకుతున్న ఇంకో యేటిని చూడరు. దాని పేరు లక్ష్మణగంగ. అలకనంద బూడిదరంగులో బురదగా పారుతుంటే ఇది నురగలు కక్కుకుంటూ వచ్చి పడుతుంది. దాన్ని పట్టుకుని కొండల్లోకి నడిస్తే, దాని పుట్టిళ్లలో ఒకటి హేమకుండ్. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులో, ఏడు శిఖరాల నడుమ ఉన్న సరస్సు.

ఆ సరస్సు దాకా పొద్దున ఎక్కి, చూసి, చీకటి పడకముందే దిగి రావాలి. పైన రాత్రి బస లేదు, మధ్యాహ్నమే అందరినీ కిందికి పంపేస్తారు. కాబట్టి ఎన్ని సెలవులు పెట్టాలి, ఏ బూట్లు కొనాలి అన్న లెక్కలన్నీ తర్వాతివి. ఏ నెలలో వెళ్లాలో మంచు చెబుతుంది, ఎన్ని గంటలకు బయల్దేరాలో మబ్బు చెబుతుంది. మనం వేసే ప్లాను ఆ రెండింటి మధ్య ఇమడాలి.

ముందు నెల సంగతి. అక్టోబరు రెండో వారానికల్లా సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారా మూసేస్తారు. ఆ తర్వాత దారి, మెట్లు, సరస్సు అన్నీ మంచు కిందికి పోతాయి. మే నెలలో సైనికులు పారలు పట్టుకుని మంచు తవ్వి బాట తీస్తే, ఆ నెలాఖరుకో జూన్ మొదట్లోనో మళ్లీ యాత్ర మొదలు. జూన్‌లో వెళ్లినవాళ్లకు దారిలో అట్లాకోటి దగ్గర నిలువెత్తు మంచుగోడల మధ్య సందులోంచి నడవడం ఒక అనుభవం. అయితే అప్పటికి సరస్సు మీద ఇంకా గడ్డలు తేలుతుంటాయి, పువ్వు అన్నది కనపడదు. జూలై, ఆగస్టుల్లో కొండంతా పూలే, వాటితోపాటు వానలూ. రిషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా ఉన్న దాదాపు 270 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో ఎక్కడ కొండచరియ విరిగిపడి ఎన్ని గంటలు కూర్చోబెడుతుందో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే ఆగస్టు చివరి రోజుల నుంచి సెప్టెంబరు సగం దాకా వెళ్లమంటాను. వాన తెరిపి ఇస్తుంది, బ్రహ్మకమలాలు ఇంకా రాలిపోవు. రోడ్డు మూసుకుపోయే రోజు కోసం టికెట్లలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మాత్రం ఏ నెలలో వెళ్లినా తప్పదు. చార్‌ధామ్ యాత్రికులకు ఉన్నట్టే హేమకుండ్‌కీ ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి.

ఇప్పుడు దారిని మూసేసే ఈ మంచే, ఒకప్పుడు ఆ సరస్సుకి చోటు తవ్వింది. కొండ భుజం మీద ఎండ సరిగా తగలని మూలలో పడిన మంచు వేసవిలో కూడా పూర్తిగా కరగదు. ఏటికేడు పేరుకుంటూ, పైబరువుకి కింది పొరలు నొక్కుకుపోయి రాయిలాంటి గడ్డ అవుతుంది. మందం బాగా పెరిగాక అది ఉన్నచోట ఉండలేదు, తన బరువుకి తానే మెల్లగా జారుతుంది. వెనక గోడ పగుళ్లలో గడ్డకట్టిన నీరు పట్టుకున్న రాళ్లను పీక్కుని వస్తుంది, ఆ రాళ్లతోనే అడుగును గీకుతుంది. నడుమ లోతుగా, ముంగిట తక్కువగా గీకడం దాని తీరు. వేల ఏళ్లకు వాతావరణం వేడెక్కి ఆ హిమానీనదం వెనక్కి తగ్గిపోతే మూడు వైపులా నిటారు గోడలు, నాలుగో వైపు రాతి గడప ఉన్న గుంట మిగులుతుంది. కరిగిన నీరు అందులో నిండి, గడప మీదుగా పొర్లి యేరవుతుంది. ఆల్ప్స్‌లో గానీ రాకీ పర్వతాల్లో గానీ కొండ ఒడిలో ఇలా గుండ్రంగా కనిపించే చిన్న సరస్సులు చాలావరకు ఈ పద్ధతిలో పుట్టినవే. హేమకుండ్ ఒడ్డున నిలబడి చుట్టూ చూస్తే గోడలూ గడపా దేనికది తెలిసిపోతాయి.

అసలు నడక గోవింద్‌ఘాట్‌లో మొదలవుతుంది. అక్కడి నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులు తిరుగుతాయి. ఆపైన ఘాంఘరియా దాకా తొమ్మిది, పది కిలోమీటర్లు కాలినడక, లేకపోతే కంచరగాడిద. ఘాంఘరియా 3,050 మీటర్ల ఎత్తున అడవి చెట్ల మధ్య ఇరుకైన ఒకే వీధి. తడిసిన రగ్గుల వాసన, లద్దె వాసన, జిలేబీ వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. గదులు దొరక్కపోతే గురుద్వారాలో చోటిస్తారు, మతం అడగరు.

ఇక్కడికి వచ్చిన మర్నాడే హేమకుండ్ ఎక్కేద్దామని చాలామంది తొందరపడతారు. అదొద్దు. మధ్యలో ఒక రోజు పక్కనే ఉన్న పూలలోయకి కేటాయించండి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం వానలో దారి వెతుక్కుంటూ దిగిన లోయ అది. 1982లో జాతీయ ఉద్యానవనం అయింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆ లోయలో పగలంతా కాస్త పైఎత్తున తిరిగి, రాత్రికి ఘాంఘరియాకే వచ్చి పడుకుంటే ఒంటికి పల్చటి గాలి కొద్దిగా అలవాటవుతుంది. హేమకుండ్ దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు అరవై శాతం మాత్రమే. అంటే విశాఖ బీచ్‌లో మూడు సార్లు పీల్చుకుంటే వచ్చే ప్రాణవాయువు కోసం ఇక్కడ ఇంచుమించు ఐదుసార్లు పీల్చాలి. తలనొప్పి, వికారం మొదలైతే ఎక్కడం ఆపాలి. తగ్గకపోతే దిగడమే మందు. అడుగు తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఒక్క నిమిషం ఆలోచించకుండా కిందికి తీసుకుపోవాలి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఊళ్లోనే డాక్టరుని అడిగి రావడం మేలు.

ఘాంఘరియా నుంచి సరస్సు ఆరు కిలోమీటర్లే. ఆ ఆరింట్లో వెయ్యి మీటర్లకు పైగా నిలువుగా ఎక్కాలి. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్లు ఆ ఎక్కుడుకి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అనుకుని, అందులోంచి మూడో వంతు ఊపిరి తీసేసి లెక్క వేసుకోవచ్చు. అలవాటు లేని కాళ్లకు నాలుగైదు గంటలు పడుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నర, ఐదింటికి బయల్దేరమని ఘాంఘరియాలో టీ కొట్టువాడు కూడా చెబుతాడు. కారణం మబ్బు. రాత్రంతా కొండ పైభాగాలు చల్లబడి, ఆ చల్లగాలి బరువెక్కి వాలు వెంబడి లోయలోకి దిగుతుంది. అందుకే తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంటుంది. ఎండ తగిలి రాతిగోడలు వేడెక్కగానే గాలి దిశ మారుతుంది. లోయ అడుగున ఉన్న తేమనంతా మోసుకుని అది పైకి పాకుతుంది, పైన చల్లదనానికి ఆ తేమ మబ్బు కడుతుంది. తొమ్మిదింటికి కింద ఎక్కడో దూదిపింజలా కనపడిన మబ్బు పదకొండింటికి మన వెనకే ఎక్కి వస్తుంటుంది. పన్నెండు దాటాక సరస్సు దగ్గరికి చేరినవాళ్లకు పదడుగుల నీళ్లు, ఆపైన తెల్ల తెర. అంత దూరం వచ్చి ఏడు శిఖరాల్లో ఒక్కటీ చూడకుండా దిగిపోయినవాళ్లు లెక్కకు మించి ఉంటారు.

టార్చి వెలుగులో మొదలైన నడకకి మొదటి వెలుతురు భోజపత్ర చెట్ల దగ్గర వస్తుంది. మన పాత గ్రంథాల్లో భూర్జపత్రం అన్నది దీని బెరడే. మాను మీద తెల్లటి, లేత గులాబి రంగు బెరడు పొరలు పొరలుగా ఊడి వేలాడుతుంటుంది. ఒక పొర అంచుని వేలికొసతో ఎత్తి చూస్తే దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి, ప్రతి పొర మీదా అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలు. ఆ గీతలు చెట్టు గాలి పీల్చుకునే రంధ్రాలు. చలిని తట్టుకుని ఇంత ఎత్తున నిలబడగలిగిన ఆఖరి చెట్టు ఇదే. ఇది కూడా ఆగిపోయాక ఇక గడ్డి, పొదలు, రాయి.

చెట్లు ఆగిన చోట పూలు మొదలవుతాయి. దారి పక్క రాతి చీలికల్లో నీలి గసగసాల పువ్వు కనపడుతుంది. కాడ నిండా పసుపుపచ్చ ముళ్లు, ఆ ముళ్ల పైన ముట్టుకుంటే చిరిగిపోతాయా అన్నట్టున్న నీలి రేకులు, మధ్యలో బంగారు కేసరాల గుత్తి. వాన పడితే తల వాల్చేసి పుప్పొడి తడవకుండా చూసుకుంటుంది. ఇంకా పైకి, చివరి కిలోమీటరున్నరలో, వాలు మీద అక్కడక్కడా బ్రహ్మకమలాలు. హైదరాబాదులో రాత్రిపూట డాబా మీద పూస్తే ఇరుగుపొరుగును పిలిచి హారతిచ్చి ఫోటోలు దిగే పువ్వు ఇది కాదు. అది మధ్య అమెరికా నుంచి వచ్చిన ఒక జెముడు జాతి మొక్క. ఇది హిమాలయాల్లో మూడున్నర వేల మీటర్లు దాటాక గానీ దొరకని మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మనకు రేకుల్లా కనపడేవి నిజానికి రేకులు కావు, పల్చటి లేత పసుపు ఆకులు. ఎండకు పట్టి చూస్తే అవతలి వేలు మసకగా కనిపిస్తుంది. వాటిని కొంచెం తొలగిస్తే లోపల ఊదారంగు చిట్టి పూల గుత్తి. అసలు పూలు అవే. ఆ పొర వెలుతురుని లోపలికి రానిచ్చి వేడిని నిలబెడుతుంది, బయట చలిగాలి కొడుతున్నా లోపల వెచ్చగా ఉంటుంది. తలదాచుకోవడానికి దూరిన పురుగు ఒంటినిండా పుప్పొడి పూసుకుని పోతుంది. మొక్కంతా ఘాటైన వాసన. కోసి దేవుడికి పెట్టాలనిపించడం సహజమే గానీ, గింజ పడకముందే కోస్తే ఆ పువ్వు నుంచి కొత్త మొక్క మొలవదు. దయచేసి కోయకండి.

దారి చివర రెండుగా చీలుతుంది. ఒకటి కంచరగాడిదలు తిరిగే వంకర బాట, ఇంకోటి నిలువునా రాతిమెట్లు, వెయ్యికి పైనే. మెట్లు దగ్గరదారి అనిపిస్తుంది గానీ గుండె దడ చూసుకుని ఎంచుకోవాలి. దిగి వచ్చే సర్దార్జీలు ఎదురైనవాళ్లందరికీ ‘వాహెగురు’ చెప్పి, చేతిలో పటికబెల్లం ముక్క పెట్టి, ఇంకెంత దూరమని అడగకముందే ‘బస్, పాంచ్ మినట్’ అంటారు. ఒక రాతి మీద కూలబడిన పెద్దావిడ పక్కనున్న మేనల్లుడితో అనడం విన్నాను. “ఒరే అబ్బాయ్, ఈ ఐదు నిమిషాలు ఇందాక అడుగునుంచీ నడుస్తూనే ఉన్నాయి గదరా.” “నడవనీ అత్తయ్యా, మనకంటే స్పీడుగా ఏం నడవట్లేదుగా.”

గట్టు ఎక్కగానే నీళ్లు. మబ్బు ఇంకా రాకపోతే, గాలి లేకపోతే, ఏడు శిఖరాలూ తలకిందులుగా నీళ్లలో ఉంటాయి, రాతి మీది మంచు చారలతో సహా. ఒడ్డు దగ్గర అడుగు రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేట. నాలుగడుగుల అవతలే రంగు ముదిరి నల్లటి ఆకుపచ్చ. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన ఏడు శిఖరాల చోటు ఇదేనని సిక్కుల నమ్మకం. 1930లలో సంత్ సోహన్ సింగ్, భాయీ వీర్ సింగ్‌ల పూనికతో ఆ చోటును వెతికి పట్టుకుని చిన్న గురుద్వారా కట్టారు. ఇప్పుడున్న నక్షత్రాకారపు కట్టడం ఆ తర్వాతిది. అన్నివైపులా ఏటవాలుగా దిగే దాని కప్పు, శీతాకాలం మంచు బరువుకి కుంగకుండా ఆలోచించి వేసింది. పక్కనే లక్ష్మణుడి గుడి. అంతకు ముందునుంచీ ఈ చోటు భ్యుందార్ లోయ జనానికి లోక్‌పాల్.

ఆ నీళ్లలో మునిగేవాళ్లను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. శీతాకాలంలో పైన మందపాటి గడ్డ కట్టినా అడుగుదాకా గడ్డకట్టకపోవడానికి నీటి స్వభావమే కారణం. చల్లబడే కొద్దీ నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కానీ నాలుగు డిగ్రీల దగ్గర ఆ బరువెక్కడం ఆగి, అక్కడినుంచి తేలికవుతుంది. అందువల్ల గడ్డ పైనే తేలుతుంది, అడుగున నాలుగు డిగ్రీల దగ్గరి నీరు శీతాకాలమంతా నీరుగానే ఉంటుంది. ఈ ఎత్తున నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి లంగర్‌లో కిచిడీ ఉడకడానికి కింద కంటే ఎక్కువ సేపు పడుతుంది. ఆవిరి కక్కే ఆ కిచిడీ, స్టీలు గ్లాసులో టీ అందరికీ ఉచితమే. చేతులు వెచ్చబడేదాకా గ్లాసు కింద పెట్టబుద్ధి కాదు.

సంచీలో ఎక్కువ పెట్టుకోకండి. వానకోటు, ఒక ఉన్ని టోపీ, మారు సాక్సు, నీళ్ల సీసా, వేరుశనగ ఉండలు, చేతికర్ర. కొత్త బూట్లు వద్దు, నెల రోజులు ఊళ్లో వేసుకుని తిరిగినవి తీసుకెళ్లండి.

గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్‌కి 12.4 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, ఖర్చు 2,730 కోట్ల పైచిలుకు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు అది వరమే, కాదనను. నా బెంగల్లా అలకనంద ఒడ్డున ఎక్కిన మనిషి, ఒళ్లు అలవాటు పడే వ్యవధే లేకుండా, నాలుగు వేల మీటర్ల పైన దిగడం గురించి. ఘాంఘరియాలో పడుకునే ఆ రాత్రి దండగ కాదు, అదే మందు. రోప్‌వే వచ్చాక కూడా అక్కడ ఒక రాత్రి ఆగి వెళ్లే ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

దిగేటప్పుడు ఊపిరికి సుఖం, మోకాళ్లకు కష్టం. మెట్లు వదిలి వంకర బాట పట్టుకుని, కర్ర ముందు వేసి, అడుగు పక్కవాటుగా వేస్తూ దిగాలి. మధ్యాహ్నం ఒంటిగంటకైనా బయల్దేరితే టీ వేళకి ఘాంఘరియా చేరతారు. బకెట్ వేడినీళ్లు డబ్బిస్తే గదికే తెచ్చిస్తారు, కాళ్లు అందులో పెట్టుకుని కూర్చోండి. మర్నాడు గోవింద్‌ఘాట్ దిగితే బద్రీనాథ్ గంట, గంటన్నర ప్రయాణమే. తొడలు ఇంకా పట్టేసే ఉంటాయి కాబట్టి, గుడి మెట్ల దగ్గర రైలింగు పట్టుకునే దిగండి.