చాంబర్ విప్పాలా? ఇంజిన్ దించాలా?

రాత్రి కారు నిలిపిన చోట పొద్దున్నే అరచేతంత నల్లటి మరక. పాత అంబాసిడర్ ఉన్న ఇళ్లలో ఇది మామూలే. మెకానిక్ వంగి చూసి ఒక్క మాటలో తేల్చేస్తాడు... ‘ఇంజిన్ దించాలి సార్!’ అంటే బోలెడు ఖర్చు, రోజుల తరబడి బండి షెడ్డులోనే. నిజంగా దించాలా? చాలాసార్లు అక్కర్లేదు.

ముందు ఆయిల్ ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి. పైన రాకర్ కవర్ ప్యాకింగ్ పాడైనా ఆయిల్ కిందికి జారి, గాలికి వెనక్కి పాకి, చాంబర్ అడుగునే చేరుతుంది. పాపం, నింద చాంబర్‌కి! ఇంజిన్‌ని కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, కాస్త తిప్పుకొచ్చి, పైనుంచి కిందికి వెతికితే అసలు దొంగ దొరుకుతాడు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అందులోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బ్రిటన్‌కి చెందిన బీఎంసీ ‘బి సిరీస్’ది. దీనికి చాంబర్ విప్పితే ఆయిల్ పంపు, జాలీ చేతికందుతాయి. కనెక్టింగ్ రాడ్ల బేరింగ్ షెల్స్ కిందనుంచే మార్చేయొచ్చు. పైన హెడ్ కూడా తీస్తే పిస్టన్లను పైకి లాగి రింగులు వేయొచ్చు. ఇంజిన్ ఉన్నచోటు నుంచి కదలదు.

చిక్కల్లా వెనకవైపే. ఈ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ వెనక రబ్బరు సీల్ ఉండదు. షాఫ్ట్ మీద చెక్కిన మరలాంటి గాడే ఆయిల్‌ని లోపలికి నెడుతుంది. క్లచ్ హౌసింగ్ రంధ్రం నుంచి చుక్కలు పడుతుంటే చాంబర్ ప్యాకింగ్ పదిసార్లు మార్చినా ఆగవు. లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో ముందు చూడండి. ఒత్తిడి పెరిగితే కారడమూ పెరుగుతుంది. ఒకటీ అరా చుక్కలకు కింద రేకు పెట్టుకుంటే సరి. క్లచ్ ప్లేటు తడిసి జారుతుంటే మాత్రం విప్పక తప్పదు.

అన్ని పాత కార్లకూ ఈ లెక్క కుదరదు. 1959లో వచ్చిన బ్రిటిష్ ‘మినీ’లో గేర్‌బాక్స్ ఇంజిన్ కిందే, అదే ఆయిల్‌లో ఉంటుంది. విడదీయాలంటే రెంటినీ బయటికి తీయాల్సిందే. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కైతే విప్పడానికి విడిగా చాంబరే లేదు. అడుగున జాలీ, దానికో మూత... అంతే. కొన్ని కార్లలో చాంబర్ కింద క్రాస్ మెంబర్ అడ్డొస్తుంది. మౌంటింగులు విప్పి, చైన్ కప్పీతో ఇంజిన్‌ని సగం లేపాలి. అంత పని ఎలాగూ చేస్తున్నప్పుడు పూర్తిగా దించేయడమే మేలు. కారు కింద వెల్లకిలా పడుకుని, మట్టి రాలుతుంటే బేరింగులు బిగించే బాధ తప్పుతుంది. క్లచ్, మౌంటింగుల పని కూడా అప్పుడే అయిపోతుంది.

చాంబర్ పనికైతే కారుని జాకీ మీదో ఇటుకల మీదో వదిలేయకుండా గట్టి స్టాండ్లు పెట్టించండి. కార్కు ప్యాకింగ్ వేశాక బోల్టులు సమంగా, కొద్దికొద్దిగా బిగించాలి. బలమంతా చూపిస్తే రేకు అంచు వంగి మళ్లీ కారుతుంది.

విప్పిన షెల్స్ మీ చేతికిమ్మనండి. బూడిదరంగు పొర అరిగి రాగిరంగు తేలితే కొత్తవి వేయాలి. తర్వాత క్రాంక్ మీద గోరు పెట్టి రాయండి. నున్నగా జారితే షెల్స్‌తో సరిపోతుంది. గీతలకు గోరు తట్టుకుంటే క్రాంక్ లేత్‌కి వెళ్లాలి. అప్పుడు కప్పీ తెప్పించమనండి.