అరుదుగా నడచు కారునకు బ్యాటరీ

అమెరికాలో కాపురముండు సోదరి యొకరు మాకొక జాబు వ్రాసినారు. వారి యింట రెండు కార్లు కలవు. ఒకటి నిత్యము తిరుగునది. రెండవది 1990వ సంవత్సరపు మాజ్డా మియాటా. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది, పైకప్పు మడచి వేయదగినది, చిన్న స్పోర్ట్సు కారు. భర్తగారికి దానిపై మక్కువ మెండు, తీరిక తక్కువ. ఎండ కాయు ఆదివారములందు నెలకొక పర్యాయము బయటికి తీయుదురు. చలికాలమున నాలుగు మాసములు గరాజులోనే యుండును. ఐదేండ్లలో మూడు బ్యాటరీలు చెడినవట. "ఈసారి అన్నిటికంటె పెద్దది కొందమని వారనుచున్నారు. ఇంటి పద్దు వ్రాయుదానను నేను. పెద్దది కొనిన నిలుచునా?" యని యామె ప్రశ్న.

అట్టి కారు అవసరమా యను తగవులో మేము తలదూర్చము. పెద్దది కొనినంత మాత్రమున నిలువదని మాత్రము చెప్పగలము. ఏల నిలువదో తెలియవలెనన్న బ్యాటరీ లోపల జరుగు పనిని కొంచెము తెలిసికొనవలెను. మన యిండ్లలో కరెంటు పోయినపుడు దీపములు వెలిగించు ఇన్వర్టరు బ్యాటరీయు, కారు బ్యాటరీయు చాలవరకు ఒక్క జాతివే. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకామ్లములో నుంచి దీనిని తొలుత నిర్మించెను. మూలసూత్రము నేటికిని అదియే. ఒక్కొక్క అర రెండు వోల్టులకు కొంచెము మించి యిచ్చును; అట్టివారింటిని చేర్చిన పండ్రెండు వోల్టుల బ్యాటరీ యగును. కరెంటు వాడుకొన్నకొలది ఆమ్లములోని గంధకాంశము రేకులకు పొరగా పట్టును. వెంటనే ఛార్జి చేసిన ఆ పొర కరగిపోవును. వారములు, మాసములు అట్లే విడిచినచో గట్టిపడి, తరువాత నెంత ఛార్జి చేసినను వదలదు. గిన్నెకు పట్టిన మాడు ఆ పూటనే తోమిన పోవును; నాలుగు దినములుంచిన గీకినను పోదు గదా! నిత్యము తిరుగు కారు బ్యాటరీ పని చేసి చేసి యరిగిపోవును. మూలనుండు కారు బ్యాటరీ పని లేక చెడును.

ఆగియున్న కారు ఏమియు వాడుకొనదని తలంచుట సరికాదు. గడియారము, రేడియో, దొంగల భయమునకు పెట్టించిన అలారము రేయింబవళ్లు కొంచెము కొంచెముగా కరెంటు త్రాగుచునే యుండును. దానిని 30 మిల్లీ ఆంపియరులనుకొందము. చాల కార్లలో 50 వరకు సహజమే. ఆ లెక్కన దినమునకు 0.72 ఆంపియరు-గంటలు, నెలకు 21.6. బ్యాటరీ 30 ఆంపియరు-గంటలదైన మూడింట రెండు వంతులకు పైగా ఒక్క నెలలోనే ఖర్చయినది. పోనీ, 60 గలది కొనినారనుకొందము. నాలుగు మాసములలో పోవునది 86. అదియు నడుమనే యెండిపోవును. కూర్చుండి తినిన కొండలైన కరగునని పెద్దలనిన మాట యిచట లెక్కకు సరిపోయినది. పైగా చలిదేశములలో మరియొక యపాయము కలదు. నిండుగా నున్న బ్యాటరీలోని ద్రవము ఎంత చలికిని గడ్డకట్టుట అరుదు. పూర్తిగా దిగిపోయినదానిలోని ద్రవము నీటివలెనే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును.

కావున కొనుటకు ముందే మెకానిక్కుచేత రెండు పరీక్షలు చేయించవలెను. కారు ఆగియున్నపుడు ఎంత కరెంటు పోవుచున్నది? ఇంజను తిరుగుచున్నపుడు బ్యాటరీకి సుమారు 14 వోల్టులు అందుచున్నవా? డిక్కీలో ఆరక వెలుగుచుండు చిన్న దీపమొక్కటి చాలును, ఎన్ని క్రొత్త బ్యాటరీలనైనను మ్రింగుటకు.

ఇక ఎంపిక. 1989 మొదలు 2005 వరకు వచ్చిన మియాటాలలో బ్యాటరీ ఇంజను ప్రక్కన గాక వెనుక డిక్కీలో నుండును. మేము ముఖ్యముగా హెచ్చరించునది ఇచటనే. ఛార్జి యగునపుడు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరిన నిప్పురవ్వకు మండును. ఆమ్లపు ఆవిరి ఇనుమును తినివేయును. మూతలు విప్పి నీరు పోయు సాధారణపు బ్యాటరీని, చౌకయని, అట్టి మూసిన చోట నుంచరాదు. పిల్లల సంచులు, విహారమునకు గొనిపోవు ఫలహారపు డబ్బాలు పెట్టునదియు ఆ డిక్కీలోనే గదా! ఆ కారునకు మొదట అమర్చి పంపినది సీలుచేసిన జాతి. ఆ జాతిని బజారులో ఏ.జి.ఎం. అందురు. అందులో ఆమ్లము తొణకక గాజుపీచు చాపలలో ఇంకియుండును. ఊరక యున్నపుడు తనంతట తాను దిగిపోవుటయు తక్కువ. అరుదుగా నడచు కారునకు ఇదియే తగినదని మా నిర్ణయము. దానికిని వాయువు పోవుటకు సన్నని రంధ్రముండును. కారులోని గొట్టమును దానికి తగిలించి, వాయువు బయటికి పోవునట్లు చేయించవలెను. గొట్టము తగిలించుటకు వీలులేని బ్యాటరీని ఎంత నచ్చజెప్పినను పుచ్చుకొనవలదు.

కొలతలు తెలియక కొనిన మరల అంగడికి తిరుగవలసివచ్చును. పాత బ్యాటరీ పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, ధన ఋణ టెర్మినళ్లు ఏ ప్రక్కనున్నవో, లావుగా నున్నవో సన్నముగా నున్నవో కాగితముపై వ్రాసికొని పోవలెను. పెట్టెపై ముద్రించిన తయారీ తేదీ చూడవలెను. అంగడి అలమరలో ఆరు మాసములు నిదురించినది మన గరాజుకు రాకమునుపే సగము చెడియుండవచ్చును. చలిలో ఇంజనును త్రిప్పు శక్తిని తెలుపు అంకె యొకటి పెట్టెపై నుండును. కారు పుస్తకములో చెప్పినంత యున్న చాలును. 1.6 లీటర్ల చిన్న యింజనునకు లారీ బలమెందుకు?

లిథియము బ్యాటరీలు కొనుమని చెప్పువారును కలరు. అవి మిగుల తేలిక, ఊరకున్నపుడు దిగిపోవుట బహు స్వల్పము. కాని వెల హెచ్చు, వానికి తగిన ఛార్జరు వేరు, నీరు గడ్డకట్టు చలిలో వానిని ఛార్జి చేసిన లోపల చెడిపోవును. ఈ సోదరి యింటికి అవి తగవు.

బ్యాటరీకంటె ముఖ్యమైనది ఛార్జరని మా నమ్మకము. నిండినంతనే తనంతట తాను తగ్గి, ఆపై కొద్దిపాటి కరెంటుతో బ్యాటరీని నిండుగా నుంచునట్టి చిన్న ఛార్జర్లు దొరకును. వెల మంచి బ్యాటరీ వెలలో కొంత భాగమే. ఏ.జి.ఎం. జాతికి పనికివచ్చునని దానిపై వ్రాసియుండవలెను. కారు గరాజులో నుంచినంత కాలము దానిని తగిలించియుంచవలెను. గోడకు ప్లగ్గు లేనిచో, బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి ఋణ టెర్మినలు విప్పియుంచవలెను. గడియారము మరల సరిచేసికొనవలసివచ్చును, అంతే. రాత్రియంతయు ఊరకుంచి మరునాడు మీటరుతో చూచిన 12.6 వోల్టులు నిండినదని, 12.2 సగమైనదని గుర్తు. సగమునకు దిగనీయరాదు. వారమునకొకసారి ఐదు నిమిషములు ఇంజను వేసి యాపుట కొందరి వాడుక. స్టార్టు చేయుటకు పోయిన కరెంటును తిరిగి నింపుటకైనను ఆ కాలము చాలకపోవచ్చును. ఇంజను కాగక లోపల తేమ మిగిలిపోవును. అది మాన్పించుడు.

బ్యాటరీని స్వయముగా మార్చు సోదరీమణులు ముందుగా గాజులు, ఉంగరములు తీసివేయవలెను. బంగారు గాజు రెండు టెర్మినళ్లకు తగిలిన క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని పట్టుకొనును. విప్పునపుడు ఋణము ముందు, బిగించునపుడు ఋణము చివర. కంటి కద్దములు ధరింపవలెను. ఆమ్లము చర్మమునకు తగిలిన ధారాళముగా నీళ్లతో కడుగవలెను. నేలపై చిందిన వంటసోడా చల్లిన విరుగును. చీరపై పడిన చుక్క ఆనాడు కనబడదు, ఉతుకునాడు చిల్లియై కనబడును.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములందు క్రొత్తది కొనునపుడు కొంత పైకము అదనముగా పుచ్చుకొని, పాతది తెచ్చి యిచ్చిన తిరిగి యిత్తురు, రసీదు భద్రపరచుకొనవలెను. మన దేశములోను 2022లో వచ్చిన నిబంధనల ననుసరించి పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. సీసము కొఱకు వానిని వీథిలో పగులగొట్టువారికి రెండు మూడు వందలు హెచ్చు వచ్చునని అమ్మరాదు. ఆ సీసపు ధూళి పసిపిల్లల మెదడు నెదుగనీయదు. బట్టలకంటుకొని యింటింటికి పోవును. ఇన్వర్టరు బ్యాటరీ మార్చు మన యిండ్లవారికిని ఇదే మాట. బండియందు బ్యాటరీని నిలువుగానే నుంచి, క్రింద ప్లాస్టిక్కు తట్ట పెట్టి, అంగడివానికే అప్పగింపవలెను.